విమానము నేలకు దిగుట: పట్టిసీమ సోదరికి జవాబు

పట్టిసీమనుండి యొక సోదరీమణి యీ శీర్షికకు వ్రాసిన యుత్తరము క్రిందటి నెలలో నాకు ముట్టినది. ఆమె కుమారుడు సరకులు మోయు పెద్ద జెట్ విమానములను నడపుటకై విదేశమున శిక్షణము పొందుచున్నాడట. మూడు ఇంజనులు గల సరకుల విమానమొకటి జపాను దేశమున నేలకు దిగబోయి, గంతులు వేసి, వెల్లకిల తిరుగబడి మండిపోయిన దృశ్యమును ఆమె సెల్‌ఫోనులో చూచినది. "ఆకాశమునుండి పడిపోవునేమో యని భయపడుచుంటిని గాని, నేలను తాకిన పిమ్మట నిట్లగునని యెరుగను. అంత పెద్దది, అన్ని చక్రములు గలది, ఏల తలక్రిందులయినది? మావాడు ఈ సంగతులు వాళ్ల నాన్నగారితో చెప్పును గాని నాతో చెప్పడు" అని వ్రాసినది.

అడిగిన ప్రశ్న మంచిది. నాకు తెలిసినంతవరకు చెప్పెదను.

గోదావరి యొడ్డున నుండువారికి ఈ విషయము తెలుపుట కష్టము కాదు. నది నడుమ కొండమీద నున్న వీరభద్రస్వామి దర్శనమునకు శివరాత్రినాడు పడవపై దాటనివారు పట్టిసీమలో నుండరు గదా. సరంగు లాంచీని రేవునకు చేర్చు తీరు మీరు చూచియే యుందురు. నీటివాలున కొట్టుకొని వచ్చుచు తిన్నగా గట్టుమీదికి తీసికొనిరాడు. రేవు దాటిపోయి, నడినీటిలో మళ్లించి, ప్రవాహమునకు ఎదురుగా ముక్కు త్రిప్పి, అప్పుడు మెల్లమెల్లగా గట్టునకు చేర్చును. ఎదురునీటిలో చుక్కాని మాట వినును. గట్టును చేరు వేగము మాత్రము తగ్గును. ఒకవేళ లెక్క తప్పి రేవు జారిపోయినదా, తిట్టుకొనక మరల నడినీటికి పోయి, చుట్టి వచ్చును. దానికెవ్వరును నవ్వరు. ఈ కడపటి మాటను మనసులో నుంచుకొనుడు. మరల దీని దగ్గరకే వత్తుము.

విమానమును గూడ నట్లే గాలికి ఎదురుగా దింపుదురు. రెక్కలకు కావలసినది గాలిలోని వేగము. చక్రములకు కష్టము కలిగించునది నేలమీది వేగము. పెద్ద విమానమొకటి గాలిలో గంటకు 250 కిలోమీటర్ల వేగమున దిగుచున్నదనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల యెదురుగాలి యున్నచో నేలమీద దాని వేగము 210. అదే గాలి వెనుకనుండి తోసినచో 290. ఈ రెంటికి భేదము స్వల్పముగా తోచును గాని, వేగము హెచ్చినకొలది ఆపవలసిన శక్తి దాని వర్గము ననుసరించి పెరుగును. లెక్క వేసికొన్నచో రెండవది మొదటిదానికి దాదాపు రెండింతలు. అంత వెనుకగాలిలో నెవ్వరును దింపరు; లెక్కకొరకు చెప్పితిని.

ఇంతవరకు చిన్న విమానమునకును పెద్దదానికిని తేడా లేదు. తేడా బరువులో నున్నది. మధురపూడిలోని రాజమహేంద్రవరపు విమానాశ్రయమున పూర్వము సుమారు 1,750 మీటర్లుగా నున్న రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించిరి. ఆ పొడుగువలననే ఎయిర్‌బస్ వంటి జెట్ విమానములు అక్కడ దిగగలుగుచున్నవి. అట్టి విమానము దిగునప్పుడు 65 టన్నులవరకు తూగును. మీరు చూచిన సరకుల విమానము 200 టన్నులకు మించియు తూగగలదు. అయినను పెద్దదగుటయే దోషమనుకొనరాదు. 2016 మే 13వ తేదీన హైదరాబాదులోని శంషాబాదునకు ఆంతోనోవ్ 225 'మ్రియా' యను సరకుల విమానము వచ్చినది. ఆరు ఇంజనులు, 32 చక్రములు. లోకములో నంతకంటె బరువైన విమానము లేకుండెను. అది సుఖముగా దిగి, సుఖముగా లేచిపోయినది. 2022లో యుక్రెయిను యుద్ధమున నాశనమైనది గాని, నేలకు దిగుటలో గాదు.

పెద్దదానితో గల యిబ్బంది వేరు. అది ఆలస్యముగా మాట వినును. ఇంజనుల జోరు తగ్గించి యున్నపుడు మరల పూర్తి బలము కావలెనన్నచో కొన్ని సెకండ్లు పట్టును. పైలటు కూర్చుండు చోటు ముక్కులో. బరువు మోయు చక్రములు అతనికి సుమారు 25 మీటర్లు వెనుక, అతని కన్నులకు కనబడకుండ నుండును. ఇంకొక చిత్రము: తోకపలకలు కదిపి ముక్కు పైకెత్తినచో విమానమంతయు తక్షణమే పైకి లేవదు. అది తన నడుమున తిరుగును. ముక్కు లేచునపుడు నడుమునకు వెనుకనున్న చక్రములు మొదట క్రిందికే పోవును. కావున నేల మీదికి వచ్చిన పిమ్మట తొందరపడి ముక్కెత్తినచో దెబ్బ తగ్గుటకు మారు హెచ్చవచ్చును.

దిగు తీరు సామాన్యముగా నిట్లుండును. విమానము ఒక కిలోమీటరు ముందుకు సాగులోపల సుమారు 52 మీటర్లు క్రిందికి వచ్చునట్లు ఏటవాలుగా దిగుచుండును. నేల యింక 30, 50 అడుగులలో నున్నదనగా, పైలటు ముక్కును కొంచెముగా నెత్తి, దిగుడు వేగమును తగ్గించి, చక్రముల నానించును. నడుముమీది నిండుబిందెను దింపునపుడు మనము చేయునదియు నిదే. కడపటి జానెడు దూరములో చేతులు బిగబట్టి నింపాదిగా నుంచుదుము. ఆ బిగబట్టుట ముందుగా చేసినచో చేతులు నొచ్చును; ఆలసించినచో బిందె నేలను కొట్టుకొని నీరు చిందును. విమానమునకు ఈ పనికి గల వ్యవధి నాలుగైదు సెకండ్లు.

ఇక మీరు చూచిన విమానము సంగతి. అది మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీవారి ఎం.డి.11 అను రకము. 1990లో తొలిసారి ఎగిరినది. రెక్కల క్రింద రెండు, తోకలో నొకటి, మొత్తము మూడు ఇంజనులు. ప్రయాణికులకని కట్టిరి గాని, తరువాత చాలమట్టుకు సరకుల కంపెనీలకు చేరినది. ఇంధనము ఆదా చేయుటకై దీనికి ముందటి డి.సి.10 కంటె తోకరెక్కను చిన్నదిగా చేసిరి. దిగు వేగము తక్కిన పెద్ద విమానములకంటె హెచ్చు. ఆదా యేమో దూరప్రయాణమున కలిగినది. దాని ఋణము నేలకు దిగు నిముషమున తీర్చుకొనవలసి వచ్చినదని నా యభిప్రాయము.

ఇట్టి ప్రమాదము దీనికి పెక్కుసారులు కలిగినది. 1997 జూలై 31న అమెరికాలోని న్యూఆర్కులో ఫెడెక్స్ విమానమొకటి అర్ధరాత్రి దాటిన పిమ్మట దిగుచు గంతు వేసి వెల్లకిల పడినది. లోపలి అయిదుగురును బ్రతికిరి. 1999 ఆగస్టు 22న హాంకాంగులో తుపానుగాలిలో దిగిన చైనా ఎయిర్‌లైన్సు ప్రయాణికుల విమానమును వెల్లకిల పడినది; 315 మందిలో ముగ్గురు పోయిరి. 2010 జూలై 27న రియాదులో లుఫ్తాన్సా కార్గో విమానము పట్టపగలు గంతులు వేసి విరిగి కాలిపోయినది. ఇద్దరు పైలట్లును బయటపడిరి. మీరు చూచినది 2009 మార్చి 23వ తేదీది. చైనాలోని గ్వాంగ్‌జౌనుండి వచ్చుచు జపానులోని నరీటాలో ఉదయమున, ఉండియుడిగి విసరుచున్న బలమైన గాలిలో దిగినది. ఇద్దరు పైలట్లును మరణించిరి.

అచ్చట జరిగినదేమనగా: ముక్కెత్తవలసిన వేళకు కొంచె మాలస్యమైనది. చక్రములు నేలను గట్టిగా తాకినవి. రెక్కలలో నింకను ఎగురుటకు చాలినంత వేగమున్నది గనుక విమానము బంతివలె పైకి లేచినది. నేల దూరమగుట చూచి చేయి తనంత ముక్కును క్రిందికి త్రోయును, మనిషి స్వభావము. ఆ త్రోయుటలో ముక్కుచక్రము ముందుగా నేలను కొట్టినది. దానితో మొదటిదానికంటె పెద్ద గంతు. మూడవసారి ఎడమవైపు చక్రముపై పడిన బరువును రెక్క యోర్వలేక విరిగినది. మితిమీరిన బరువు పడినపుడు చక్రపుకాలు తెగి విడివడి ఇంధనపు తొట్టిని కాపాడునట్లు ఏర్పాటు కలదు గాని, ఆనాడది విడివడలేదు. అట్లు విడివడి యుండినచో మంట యంత వేగముగా వ్యాపించి యుండదని జపాను విచారణాధికారులు వ్రాసిరి.

తలక్రిందులేల యగునన్నచో, నిండు గంగాళమును చెరియొక ప్రక్క పట్టుకొని మోయుచున్న యిద్దరిలో నొకరు చేయి వదలినట్లు. విరిగిన రెక్క ప్రక్క క్రిందికి వాలును. రెండవ రెక్కను గాలి యింకను పైకి మోయుచునే యుండును. అంతటితో బోర్లపడును.

ఇందు గమనింపదగినది, హాంకాంగుది తప్ప ఈ విమానములు మొదటి దెబ్బకు విరుగలేదు. మొదటి గంతు చాలమంది పైలట్లకు ఏదో యొకనాడు అనుభవమైనదే. చంపినది రెండవ మూడవ గంతులు. అవి వచ్చినది గంతును చేతితో నణచబోవుటవలన. ఇప్పుడు శిక్షణములో చెప్పునది నిదియే: గంతు వేసినపుడు ముక్కును క్రిందికి త్రోయకుము, ఉన్నచోటనే నిలుపుము, ఇంజనులకు బలమిచ్చి మరల లేచిపొమ్ము. దీనిని గో-అరౌండ్ అందురు. మన సరంగు నడినీటికి పోయి చుట్టివచ్చుటయే. అయితే ఒక యెల్ల కలదు. చక్రములానిన పిమ్మట ఇంజనుల తోపును ముందువైపునకు మరల్చి వేగమాపు పని మొదలుపెట్టినచో, ఇక లేవరాదు.

లేచిపోవుట చేతకాక గాదు, మనసొప్పక ప్రమాదములు జరిగినవి. 2010 మే 22న మంగుళూరులో 166 మందితో దిగిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానము సగము రన్‌వే దాటిన పిమ్మట నేలను తాకి, కొండయంచునుండి లోయలో పడినది. 158 మంది పోయిరి. 2020 ఆగస్టు 7న కోళికోడులో వానలో, వెనుకగాలితో, 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు పోయిన పిమ్మట నేలను తాకిన విమానము 21 మందిని పొట్టనబెట్టుకొన్నది. ఈ రెంటిలోను ప్రక్కనున్న రెండవ పైలటు 'గో-అరౌండ్' అని నోరు తెరచి చెప్పినట్లు విచారణలో తేలినది. పెద్ద పైలటు వినలేదు. చిన్నవారి మాట పెద్దవారి చెవి కెక్కుటకు పట్టు కాలము మన యిండ్లలోను తెలియనిది కాదు. వంటింటిలో నయినచో కూర మాడును.

ప్రయాణికులకును ఇందులో కొంత పాలు కలదు. పుష్యమాసపు మంచులో మధురపూడిమీదికి వచ్చిన విమానము దిగక, చుట్టుచుట్టి, కడకు హైదరాబాదునకు మరలిపోయిన సందర్భములున్నవి. ఆ రోజున లోపలివారు సణుగుదురు; ఎదురుచూచుచున్న బంధువులును సణుగుదురు. సరకుల విమానమునందు సణుగువారు లేరు గాని, గడియారము కలదు. తెల్లవారకముందు పెట్టెలు చేరవలెను. వారి పని చాలవరకు రాత్రివేళ. 2013 ఆగస్టు 14న అమెరికాలోని బర్మింగ్‌హామున తెల్లవారకమునుపే దిగబోయి రన్‌వేకు ముందే గుట్టను కొట్టుకొన్న యు.పి.ఎస్. విమానములోని యిద్దరు పైలట్లు, బయలుదేరకముందు తమ అలసటను గూర్చియే మాటలాడుకొన్నట్లు శబ్దగ్రాహక యంత్రములో వినబడినది. ఆ దేశమున పైలట్లకు నిద్రకు హెచ్చు వ్యవధి నిచ్చు నిబంధనలు 2014 జనవరిలో అమలునకు వచ్చినవి. వానినుండి సరకుల విమానములను మినహాయించిరి. పెట్టెలు మోయు మనిషికి నిద్ర తక్కువ చాలునా? ఈ మినహాయింపు నాకు ఎన్నటికిని అర్థము కాలేదు. సరకుల విమానము కూలినపుడు మృతులు ఇద్దరో ముగ్గురో యగుటచేత పత్రికలో నొక మూల వేయుదురు. ఆ యిద్దరికిని తల్లులుందురు. బయటివారును చత్తురు. 2025 అక్టోబరు 20న హాంకాంగులో దిగిన సరకుల బోయింగు రన్‌వేనుండి ప్రక్కకు తొలగి, కావలి కారును సముద్రములోనికి నెట్టినది. విమానములోని నలుగురును బ్రతికిరి. కారులోని యిద్దరు పోయిరి.

ఎం.డి.11 విమానముల కాలము ముగియవచ్చినది. 2025 నవంబరు 4న లూయీవిల్లులో నొకటి లేచుచుండగా ఇంజను ఊడిపడి కూలిన పిమ్మట, అమెరికా ప్రభుత్వము వాని నన్నిటిని నేలమీద నిలిపివేసినది. అది వేరు కథ.

కావున సోదరీ, మీ కుమారుడు ఈసారి ఫోను చేసినపుడు మీరే అడుగుడు: "గంతు వేసినపుడు ఏమి చేయమని నేర్పిరి? ప్రక్కనున్న చిన్న పైలటు లేచిపొమ్మన్నచో పెద్ద పైలటు తప్పక లేచిపోవలెనను నియమము మీ కంపెనీలో కలదా?" ఇట్టి గంతులను నేలమీదనే, విమానమువలె కదలు సిమ్యులేటరు గదిలో ఎన్నిసారులైనను అభ్యసించవచ్చును. ఎన్నిసారులు చేసెనో అదియు నడుగుడు. మీతో చెప్పకపోవుటకు కారణము మీరు ఆడువారగుట కాదు, భయపడుదురని కాబోలు.

మీ యుత్తరము చివర ఆవకాయ జాడీ సంగతి యడిగితిరి. అది సరకుల విమానములోనే పోయి యుండవలెనని లేదు. ఆకాశమున పోవు సరకులో కొంతభాగము ప్రయాణికుల విమానములలో, వారి కాళ్ల క్రింది గదిలోనే పోవును. అక్కడ గాలి యొత్తిడి నేలమీదికంటె తక్కువ. జాడీలోని గాలి ఉబ్బి, నూనెను మూత సందునుండి బయటికి త్రోయును. ఈసారి కంఠమువరకు నింపక నాలుగు వ్రేళ్ల వెలితి యుంచి, మూతమీద మైనముగుడ్డ బిగించి కట్టి పంపుడు.