జలుబుకు నెల్లూరు.. గుండెనొప్పికి మందుల షాపా?

ఈమధ్య ఒకేరోజు ఇద్దరిని చూశాను. ఉదయం ఓపీకి ఓ తల్లి మూడేళ్ల బాబును తీసుకొచ్చింది. రెండు రోజులుగా జలుబు, కొద్దిపాటి జ్వరం. ముందురోజే ఉదయగిరి నుంచి కారు మాట్లాడుకుని నెల్లూరు వెళ్లొచ్చారట. రానూపోనూ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. రక్తపరీక్షలు, యాంటీబయాటిక్‌, రెండు రకాల సిరప్‌లు. బాబేమో నా టేబుల్‌ కింద దూరి ఆడుకుంటున్నాడు.

ఆ రాత్రే యాభై దాటిన ఓ రైతును తెచ్చారు. పొద్దుటి నుంచి ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమటలు. ‘గ్యాస్‌ అనుకున్నాం సార్‌’ అన్నాడు కొడుకు. ముందు సోడా, తర్వాత మందుల షాపులో మాత్ర, సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర సూది. అవన్నీ అయ్యాక మా దగ్గరికి. ఈసీజీ తీస్తే పెద్ద గుండెపోటు. ప్రాణం దక్కింది కానీ గుండె కండరం చాలా దెబ్బతింది. ఇక మునుపటిలా సేద్యం చేయలేడు.

ఆ రెండు ఇళ్లలోనూ ప్రేమకు, ఖర్చుకు లోటు లేదు. ఏ జబ్బుకు ఎక్కడికి వెళ్లాలన్న లెక్కే తప్పింది. మన మెట్ట ప్రాంతంలో ఆ లెక్క మందుతో సమానం. నెల్లూరు పట్టణంలో ఉన్నవారు పొరపాటు చేస్తే పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు. సీతారాంపురంలోనో, మర్రిపాడులోనో ఉన్నవారికి ఆ వీలు లేదు.

ఇంట్లోనే ఆగదగినవి

జలుబు, గొంతు గరగర, ఒకటి రెండు రోజుల జ్వరం, చిన్న గీరుడు గాయాలు, ఒకట్రెండు విరేచనాలు.. వీటికి పరుగులు అక్కర్లేదు. వైరస్‌తో వచ్చే జలుబుకు యాంటీబయాటిక్‌ పనిచేయదు. బరువుకు తగిన మోతాదులో పారాసిటమాల్‌, విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌ చాలు. అయితే మూడు నెలల్లోపు పసికందుకు జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. పిల్లలు పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా అంతే.

దగ్గర్లోనే చూపించాల్సినవి

మూడు రోజులు దాటిన జ్వరం, కుట్లు పడే గాయం, మూత్రంలో మంట, బెణుకులు.. వీటికి పీహెచ్‌సీనో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ ఆసుపత్రులో సరిపోతాయి. బీపీ, షుగర్‌ మాత్రలకు 104 వాహనం ఊరికొచ్చే రోజును వాడుకోండి. కుక్క కరిస్తే కారం, సున్నం పూయొద్దు. సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు రండి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ కూడా కావాలి.

నిమిషం ఆగకూడనివి

ఛాతీలో బరువు, చెమటలు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పడిపోవడం. ఆయాసం, ఫిట్స్‌, స్పృహ తప్పడం. తలకు దెబ్బ తగిలి వాంతులవడం. పాముకాటు. వీటికి ముందు చేయాల్సింది 108కి ఫోన్‌. అది వచ్చేలోగా బండి దొరికితే ఆగొద్దు. గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది. పక్షవాతంలో ఆ మందుకు గడువు నాలుగున్నర గంటలే. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి పుట్టదు, గాటూ కనిపించదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ, కనురెప్పలు వాల్చేస్తుంటే అనుమానించాలి. మంత్రాలు, కట్లు, కోతలు వద్దు. కాటుపడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకురండి.

తప్పు జనానిదే అంటే అన్యాయం. సాయంత్రం వెళితే డాక్టరు లేరనో, సరిగా మాట్లాడలేదనో చేదు అనుభవం ఉన్నవాళ్లు ఎందరో. నమ్మకం పోగొట్టుకున్నది మేమే, తెచ్చుకోవాల్సిందీ మేమే. రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, పాము విషానికి విరుగుడు మందు, కుక్కకాటు టీకా ఉన్నాయా లేవా అన్నది ప్రతి ఆసుపత్రి గేటు దగ్గర రోజూ బోర్డు మీద రాయాలన్నది నా అభిప్రాయం. అది తెలిస్తే మనిషి అడ్రసు వెతుక్కుంటూ తిరగడు.

ఆర్‌ఎంపీలకూ ఒక మాట. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది మీరే, కాదనను. కానీ స్టిరాయిడ్‌ సూదితో జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, జబ్బు లోపల దాక్కుంటుంది. ఛాతీనొప్పి అన్న మనిషికి మీరు చేయగల గొప్ప వైద్యం బండెక్కించి పంపడమే.

ఇక ఇళ్లలో ఉన్నవారు ఈ ఆదివారం ఓ పని చేయండి. దగ్గరి పీహెచ్‌సీ, సీహెచ్‌సీల ఫోన్‌ నంబర్లు, రాత్రిపూట బండి తీసే పక్కింటాయన నంబరు ఓ కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఆపదలో ఆలోచన సాగదు. ముందే రాసుకున్నదే అక్కరకొస్తుంది.

(వ్యాసకర్త ఎంబీబీఎస్‌, ఎండీ, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు)