నూలు దారంతో సముద్రపు తాబేలు



వేసవి సెలవులు వచ్చి వి.బి.ఎస్. దినాలు దగ్గరపడగానే పిల్లలకు ఏమి బహుమానం ఇవ్వాలి అనే మాట ప్రతి సంఘంలోను లేస్తుంది. చివరకు ఎవరో ఒకరు పట్నం వెళ్లి డజన్ల లెక్కన ప్లాస్టిక్ బొమ్మలు తెస్తారు. జూన్‌లో బడులు తెరిచేనాటికి అవి విరిగి పెంటకుప్ప చేరతాయి. వాటికి బదులుగా మన ఇండ్లలోనే చేయగల ఒక బొమ్మను గూర్చి ఈ నెల వ్రాస్తున్నాను. క్రోషా సూదితో నూలు దారం అల్లి, లోపల దూది కూరి చేసే సముద్రపు తాబేలు. ఇటువంటి అల్లిక బొమ్మలను జపాను దేశస్థులు అమిగురుమి అంటారు. అయితే గోదావరి జిల్లాల అమ్మలు జపాను దాకా పోనక్కరలేదు. సూది వారి చేతిలో ముందునుంచీ ఉన్నదే.

తాబేలే ఎందుకని అడుగుతారేమో. ఆలివ్ రిడ్లే అనే జాతి తాబేలు ప్రతి శీతాకాలంలోను మన తీరానికి వస్తుంది. కోరంగి దగ్గరి హోప్ ఐలాండ్‌లోను, కృష్ణ సముద్రంలో కలిసే చోటను, ఇంకా అనేక ఇసుక తీరాలలోను రాత్రివేళ ఒడ్డుకు ప్రాకి వచ్చి, వెనుక కాళ్లతో గొయ్యి తీసి, నూరుకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవారకముందే వెళ్లిపోతుంది. ఆ సమయంలో దాని కండ్ల వెంట నీరు కారుతుంది. ఒంటిలో ఎక్కువైన ఉప్పును అది ఆ విధంగా బయటకు పంపుతుంది. నలభై అయిదు మొదలు అరవై దినాలలో పిల్లలు ఇసుకను చీల్చుకొని పైకి వచ్చి, వెలుగు కనబడే దిక్కునకు పరుగెడతాయి. పూర్వం ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడు ఒడ్డున వేసిన దీపాల వైపు తిరిగి దారి తప్పుతున్నాయి.

అదే నెలలలో చచ్చిన తాబేళ్లు కూడ ఒడ్డుకు కొట్టుకొని వస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరాన వందల సంఖ్యలో వచ్చాయి. మన తీరంలోను ఇది కొత్త సంగతి కాదు. తాబేలు చేప కాదు, గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. రొయ్యలకోసం మరపడవలు ఈడ్చే వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలలో కడ్డీల చట్రం, తప్పించుకొనే ద్వారం అమర్చితే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు బయటపడుతుంది. ఈ ఏర్పాటు సరిగా లేదనే కారణంతోనే 2019లో అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపివేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు. తీరపు పల్లెలలోని మన కుటుంబాలకు ఇది దూరపు కథ కాదు. పిల్లవాని చేతిలో తాబేలు బొమ్మ ఉంటే తండ్రి వల గూర్చి ఇంట్లో మాట పుడుతుంది. పుట్టాలనే నా కోరిక.

ఇక సూది సంగతి. నరసాపురంలో 1844వ సంవత్సరంలో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే దంపతులు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనది 1847లో, ముగిసినది 1852లో. అంటే కాటన్ దొర నీళ్లు పారించక ముందే ఆ ప్రాంతపు స్త్రీల చేతిలో కాటన్ దారం పారింది! అల్లినవాటిని మిషనరీలు తమ దేశంలోని స్నేహితులకు పంపేవారు. క్రమేణ అది వ్యాపారమైంది. అన్ని కులాల స్త్రీలూ చేరారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుప్రక్కల గ్రామాలలో అరుగుమీద సూదితో కూర్చున్న అమ్మను చూడని వీధి ఉండేది కాదు.

ఆ అమ్మలకు ముట్టినది ఎంత? జర్మనీ దేశపు మరియా మీస్ అనే విద్వాంసురాలు నరసాపురం ప్రాంతంలో తిరిగి, లేసు అల్లే స్త్రీలను గూర్చి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. దినమంతా కండ్లు గుంజేలా అల్లే స్త్రీని వ్యాపారులు పనిచేసే మనిషిగా లెక్కించరనీ, ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇల్లాలు తీరిక వేళ చేసే పనిగా చెప్పి అతి తక్కువ కూలి ఇస్తారనీ ఆమె చూపింది. పని కూడ ముక్కలు ముక్కలు. పువ్వులు అల్లేది ఒకరు, అది చేతిపని. వాటిని జతచేసేది మరొకరు, అది అతుకుపని. మధ్యలో ఏజెంటు. ముప్పై ఏండ్లు అల్లిన తల్లి తాను అల్లిన పువ్వు ఏ బల్లమీది గుడ్డలో చేరిందో ఎరుగదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. కూలిని పెంచవలసినది కొనేవారే.

తాబేలులో నాకు నచ్చినది ఇదే. మొదటి కుట్టు నుండి చివరి ముడి వరకు ఒకే చేతిలో పూర్తవుతుంది. చేసిన మనిషి దానిని ఎత్తి చూచి, ఇది నాది అనవచ్చు.

దారం గూర్చి జాగ్రత్తగా వినండి. సంత అంగడిలో ఊలు అని రంగురంగుల ఉండలు అమ్ముతారే, వాటిలో చాలావరకు గొర్రె ఊలు కాదు, యాక్రిలిక్. అది పెట్రోలియం నుండి తీసిన ప్లాస్టిక్ పోగు. 2016లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలను ఒక్కసారి మిషనులో ఉతికితే ఏడు లక్షలకు పైగా సన్నని నూగు పోగులు నీటిలో కలుస్తాయని లెక్కకట్టారు. ఆ నీరు మురుగు కాలువకు, కాలువ ఏటికి, ఏరు సముద్రానికి చేరుతుంది. సముద్రపు తాబేలు బొమ్మను అటువంటి దారంతో అల్లడం ఏమంత అందం?

దారాన్ని పరీక్షించడం సులభం. ఒక బెత్తెడు పోగు తుంచి, పిల్లలను దూరంగా ఉంచి, పట్టకారుతో పట్టుకొని దీపానికి చూపండి. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. గొర్రె ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. యాక్రిలిక్ అయితే కరిగి నల్లని గట్టి పూసలా గడ్డకడుతుంది. చీటీమీద ఎకో ఫ్రెండ్లీ అని ఆకుపచ్చ అక్షరాలతో అచ్చువేసినంత మాత్రాన నమ్మకండి, ఆ మాట ఎవరైనా వేసుకోవచ్చు. వెదురు దారం అని అమ్మేది కూడ చాలామట్టుకు వెదురు గుజ్జును మందులతో కరిగించి తీసిన విస్కోసే.

నూలుకు మాత్రం మచ్చ లేదా అంటే, ఉంది. పత్తి చేనుకు కొట్టిన పురుగుమందు ఎంతో, దానికి చేసిన అప్పు ఎంతో వరంగల్లు ప్రాంతపు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. 1997, 98 సంవత్సరాలలో అక్కడ పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. అదే పాత వరంగల్లు జిల్లాలో, ఇప్పటి జనగామ జిల్లాలో, ఏనబావి గ్రామస్థులు రసాయనాలు మాని సేద్యం చేసి చూపారు. సేంద్రియ నూలు దొరికితే, దానిమీద జి.ఓ.టి.ఎస్. అనే ముద్ర ఉంటే కొనండి. దొరకకపోతే దిగులుపడవద్దు. ఇంట్లో డబ్బా అడుగున మిగిలిపోయిన లేసు దారపు ఉండలు ఉంటాయి కదా, వాటికంటె మంచివి లేవు. కొత్తగా ఏమీ పండించనక్కరలేదు, రంగు వేయనక్కరలేదు. సన్నని దారమైతే నాలుగు పోగులు కలిపి పట్టుకొని రెండున్నర మిల్లీమీటర్ల సూదితో అల్లండి. సందులలోనుండి దూది కనబడకుండ కుట్టు బిగువుగా రావాలి.

చిప్పకు బూడిద కలిసిన ఆకుపచ్చ తీసుకోండి, ఆలివ్ అనేది ఆ రంగే. రెండు గొలుసు కుట్లు వేసి, మొదటి దానిలో ఆరు పొట్టి కుట్లు వేయండి. పొట్టి కుట్టు అంటే సూదిని కంటిలో దూర్చి, దారం లాగి, సూదిమీది రెండు ఉచ్చులలోనుండి ఒకేసారి తీసేది. దీనినే అమెరికా పుస్తకాలు సింగిల్ అంటాయి, ఇంగ్లండు పుస్తకాలు డబుల్ అంటాయి. పుస్తకం చూచి చేసేవారు ఇక్కడే తికమకపడతారు. రెండవ వరుసలో ప్రతి కుట్టులోను రెండేసి వేస్తే పన్నెండు అవుతాయి. మూడవ వరుసలో ఒకటి విడిచి ఒకదానిలో రెండు వేస్తే పద్దెనిమిది. ఇట్లు వరుసకు ఆరు చొప్పున పెంచుతూ ఆరవ వరుసకు ముప్పై ఆరు చేయండి. వరుస ఎక్కడ మొదలైందో తెలియడానికి వేరే రంగు దారపు ముక్క ఒకటి గుర్తుగా పెట్టుకోవాలి. తరువాత పెంచకుండ అయిదు వరుసలు అల్లితే చిప్ప గిన్నెలా వంగుతుంది. కడుపు భాగానికి గోధుమ పిండి రంగు దారంతో అదే ముప్పై ఆరు వరకు అల్లి బల్లపరుపుగా వదిలేయండి.

తలకు ఆరు, పన్నెండు, పద్దెనిమిది. పెంచకుండ మూడు వరుసలు అల్లి, తరువాత ఒకటి విడిచి రెండేసి కలుపుతూ పన్నెండుకు తగ్గించి, దూది కూరండి. ముందరి రెక్కలు పొడవు. ఆరు కుట్లతో మొదలుపెట్టి తొమ్మిదికి పెంచి, తొమ్మిది వరుసలు గొట్టంలా అల్లి అదిమితే చాలు, దూది వద్దు. వెనుకవాటికి నాలుగు వరుసలే. మన చెరువు తాబేలు బెదిరితే తల, కాళ్లు చిప్పలోనికి లాక్కుంటుంది. సముద్రపు తాబేలు అలా చేయలేదు. కావున తలను, రెక్కలను చిప్ప అంచు బయటకు చాచినట్లే కుట్టండి. ఆపైన రెండు చిప్పల అంచులు కలిపి అల్లుతూ, రెండు వ్రేళ్లు పట్టేంత సందు ఉన్నప్పుడు దూది నింపి మూసివేయండి.

దూది కొననక్కరలేదు. చేని గట్టున బూరుగు కాయ పగిలితే చాలు. అయితే బూరుగు దూది నీళ్లలో నానితే ముద్దకడుతుంది, నిప్పు కూడ త్వరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర పెట్టకండి. తరచుగా ఉతకవలసిన చంటిబిడ్డ బొమ్మకు పాత నూలు చీర పీలికలే మేలు. కండ్లకు పూసలు, గుండీలు వద్దే వద్దు. ఊడితే బిడ్డ గొంతులో పడతాయి. నల్లదారంతో నాలుగు కుట్లు చాలు. డెన్మార్కు దేశంలో 2013 నుండి నెలలు నిండని బిడ్డలకోసం అల్లిక ఆక్టోపస్ బొమ్మలు చేసి ఆసుపత్రులకు ఇస్తున్నారు. వారి నియమాలు కఠినం: అచ్చమైన నూలు, వేడినీటి ఉతుకుకు ఆగే రంగు, సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటని కాళ్లు. అవి బిడ్డకు మేలు చేస్తాయనడానికి గట్టి శాస్త్రీయ రుజువు లేదు గాని, ఆ జాగ్రత్త మెచ్చుకోదగినది. ఇంట్లో మాత్రం ఏడాది నిండని బిడ్డ నిద్రించే చోట ఏ బొమ్మా పెట్టకూడదు.

స్త్రీల సమాజం వారు ఈ తాబేళ్లను కోత పండుగ వేలంలో పెట్టదలచితే ఒక మాట. మన వేలంలో గుమ్మడికాయకు, కోడిపుంజుకు పెద్దలు పోటీపడి పాడతారు. అల్లిక దగ్గరకు వచ్చేసరికి, తీరిక వేళ అల్లిందే కదా అని గొంతు తగ్గుతుంది. ఆ అమ్మకు తీరిక ఏ జామున దొరికిందో ఎవరూ అడగరు. క్రోషా అల్లికను అచ్చంగా అల్లే యంత్రం నేటికీ వాడుకలో లేదు. ఎక్కడ చౌకగా కనబడినా అది ఎవరో ఒకరి వ్రేళ్లు చేసినదే. చేయి తిరిగిన వారికైనా ఈ తాబేలుకు రెండు మధ్యాహ్నాలు పడతాయి. మీ ఊరిలో నాట్లకు వెళ్లిన స్త్రీకి ఇచ్చే దినకూలిని గంటలకు పంచి, తాబేలుకు పట్టిన గంటలతో హెచ్చవేసి, దారం ఖరీదు కలపండి. ఆ మొత్తాన్ని చీటీమీద వ్రాసి బొమ్మకు కట్టండి. పాట అక్కడినుండి మొదలు కావాలి. అంత రాకపోతే బొమ్మను అల్లిన అమ్మకే తిరిగి ఇచ్చివేయండి, ఆమె మనుమలు ఆడుకుంటారు.

దారం ఇంకా మిగిలితే పిల్ల తాబేళ్లు చేయవచ్చు. వాటికి నల్లని బూడిద రంగు వాడండి. చిప్పను పద్దెనిమిది కుట్ల దగ్గర ఆపి, రెండు వరుసలు మాత్రం పెంచకుండ అల్లండి. గుడ్డునుండి వచ్చిన పిల్ల నిజంగానే నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. పదేండ్ల ఆడపిల్లలు, మగపిల్లలు కూడ వీటిని ఒక పూటలో నేర్చుకుంటారు. మొదట చేసినది వంకరగా వస్తుంది. దానిని విప్పించకండి.