నెలలు నిండని బిడ్డకు నెమ్మది కావాలి



"బిడ్డను బాక్సులో పెట్టారట!" ఈ మాట పల్లెకు చేరగానే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. బషీర్‌బాగ్‌కు ఒక వైపు రెడ్ హిల్స్‌లో 1953 నుండి నీలోఫర్ ఆసుపత్రి, మరొక వైపు బొగ్గులకుంటలో 1948లో ప్రారంభమైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఉన్నవి. నెలలు నిండని బిడ్డలను దక్కించుకొనుటకు జిల్లాల నుండి ఎన్నో కుటుంబములు ఈ దారిన వస్తుంటాయి. అట్టివారి కొరకే ఈ నెల నాలుగు మాటలు.

37 వారములు నిండకముందే పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డ. 2020లో మన దేశములో సుమారు 30 లక్షల మంది ఇలా పుట్టారు. "ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అని పెద్దలు అంటుంటారు. అది నిజము కాదు. గర్భములో గడిచిన ప్రతి వారము బిడ్డకు బలమే.

గర్భములో చీకటి, వెచ్చదనము, తల్లి గుండె చప్పుడు ఉంటాయి. చివరి మూడు నెలలలో మెదడు వేగముగా పెరుగుతుంది. ఈ బిడ్డకు ఆ పెరుగుదల లైట్ల వెలుగులో, యంత్రముల మోతలో, సూదుల మధ్య జరగాలి. అందుకే బిడ్డ చూపే గుర్తులను బట్టి సేవ చేయాలని అమెరికాలో హైడెలిస్ ఆల్స్ అను మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో బోధించారు.

మంచి నర్సు ఏమి చేస్తుంది? బాక్సు మీద గుడ్డ కప్పి వెలుతురు తగ్గిస్తుంది. దాని తలుపు చప్పుడు కాకుండా మూస్తుంది. మెత్తని గుడ్డలు చుట్టి పిట్టగూడు వలె అమర్చి, బిడ్డ చేతులు నోటి దగ్గరకు వచ్చేటట్లు పడుకోబెడుతుంది. చేయవలసిన పనులు ఒకేసారి ముగించి బిడ్డను నిద్రపోనిస్తుంది. బిడ్డ వేళ్లు చాచినా, రంగు మారినా, ఎక్కిళ్లు వచ్చినా "అలసిపోయాను" అన్నట్లే గ్రహించి చేయి ఆపుతుంది. ఇది గారాబము కాదు, వైద్యమే.

అన్నిటికంటె మంచి గూడు తల్లి ఎద. 1978లో కొలంబియా దేశపు బొగొటాలో బాక్సులు చాలక డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లుల ఎదపై చర్మానికి చర్మము తగిలేలా ఉంచారు. అదే కంగారూ కేర్. మన దేశముతో సహా ఐదు దేశములలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, బిడ్డ కుదుటపడేవరకు ఆగినచోట 28 రోజులలో నూటికి సుమారు 16 మంది చనిపోగా, పుట్టిన వెంటనే ఆరంభించినచోట 12 మంది చనిపోయారు. రోజుకు 8 నుండి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

మరి మన ఇళ్లలో ఏమి జరుగుతుంది? పురుడు, పథ్యము అంటూ తల్లిని ఊరికి తీసుకుపోతారు. బిడ్డ ఒంటరిదవుతుంది, తల్లికి పాలు తగ్గిపోతాయి. అత్తలారా, అమ్మలారా, ఆమెను బిడ్డ దగ్గరే ఉండనివ్వండి. "ఎప్పుడు ఎత్తుకోవచ్చు?" అని నర్సును అడగండి. తల్లి అలసినప్పుడు తండ్రి గాని, నానమ్మ గాని, అమ్మమ్మ గాని ఎదపై ఉంచుకోవచ్చు. చేతులు కడుక్కోండి, మెల్లగా మాట్లాడండి, బాక్సును వేలితో తట్టవద్దు.

ఇంకొక మాట. 34 వారములలోపు గాని, 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టిన బిడ్డకు 30 రోజులలోగా కంటి పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు.

సంఘ పెద్దలారా, బిడ్డను చూడటానికి గుంపుగా వెళ్లకండి. ఇక్కడే ప్రార్థించండి. ఆ తల్లికి అన్నము క్యారేజి, ఇంటి దగ్గరున్న పెద్ద బిడ్డకు తోడు, గేదెకు మేత మీరు చూడండి. అప్పుడే ఆమె అక్కడ నిలువగలదు.