పాదచారికి పట్టణమునందు చోటు

పట్టణములు పెరుగుట సంతోషింపదగిన విషయమే. కాని పట్టణ మెట్లు పెరుగుచున్నదో తెలిసికొనగోరువాడు దానిని బండిలో కూర్చుండి చూచిన చాలదు. ఒక దినమంతయు దానిలో నడువవలెను. ఆ రాత్రి దాని పొలిమేరను బసచేయవలెను. బాటసారి యుదయమున ప్రవేశించి, దాహము తీర్చుకొని, మధ్యాహ్నము నీడపట్టున విశ్రమించి, సాయంకాలము నిర్భయముగా మూట దించుకొనుటకు వీలున్న పట్టణమే బాగుగా పెరుగుచున్న పట్టణమని నా యభిప్రాయము. మన కరీంనగరమును ఈ కొలతతో కొలిచి చూడవలెననియు, ఆ పని మన పాఠశాల విద్యార్థులే చేయవలెననియు ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

దూరపునడక మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున ప్రతి సంవత్సరము పుష్యమాసపు అమావాస్యనాడు నాగోబా జాతర ప్రారంభమగును. దానికి ముందుగా గోండులలో మెస్రం వంశస్థులు పాదరక్షలు లేకయే బయలుదేరి, అడవులును పల్లెలును దాటి, జన్నారము మండలమున కలమడుగు చెంతనున్న హస్తినమడుగునకు చేరి, గోదావరీజలమును గైకొని, మరల నడిచియే వత్తురు. పోవునపుడును వచ్చునపుడును దారిలో రాత్రులు బసలు. తిరుగుదారిలో ఇంద్రవెల్లియందు ఇంద్రాదేవిని పూజించి, కేస్లాపూరున మఱ్ఱిచెట్ల క్రింద విడిది చేసి, అమావాస్య రాత్రి ఆ జలముతో నాగోబాను అర్చింతురు. అనేక దినముల యీ యాత్రను తరతరములుగా నిలిపినది భక్తి యొక్కటియే కాదు. దారిపొడవున వారికి నీరును నీడయు దింపుడుచోటును ఉండుటయు నొక కారణమే.

ఇట్టి బసయొక్క విలువను ఒకప్పుడు ప్రభుత్వమే గుర్తించినది. 1940వ సంవత్సరమున జోడేఘాట్ కొండలలో కుమ్రం భీము ప్రాణములు కోల్పోయిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు హైదరాబాదు ప్రభుత్వము హైమెండార్ఫ్ అను మానవశాస్త్రవేత్తను నియోగించెను. వారి కష్టములను వారి నోటనే వినుటకై 1942లో ఆయన నాగోబా జాతరయందే దర్బారును ఏర్పరచెను. ప్రజలను కచేరీకి రమ్మని పిలువక, వారు నడిచివచ్చి దిగియున్న చోటికి అధికారులే పోయిరి. ఆ యాచారము నేటికిని సాగుచున్నది. చెట్టు క్రింది విడిది వంటకును నిద్రకును మాత్రమే గాక, ఒకరి మాట నొకరు వినుటకును పనికివచ్చునని ఇందువలన తెలియుచున్నది.

కరీంనగరపు వీధులలో సైతము దూరపు బాటసారులు నేటికిని కనబడుదురు. హనుమజ్జయంతి సమీపించినపుడు దీక్ష వహించినవారు కాషాయవస్త్రములతో నగరమును దాటి, సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరముననున్న కొండగట్టునకు నడిచిపోవుదురు. అది చైత్ర వైశాఖముల యెండ. చలివేంద్రము పెట్టిన పుణ్యాత్ములున్నచోట నిలుచుందురు. లేనిచోట మూసియున్న దుకాణపు మెట్లే వారికి శరణ్యము. గొల్లకురుమలు గొఱ్ఱెలమందలను తోలుకొని ఊరూరను తిరుగుచు, కోతలైన పొలములలో రాత్రి మంద నిలిపెదరు. రైతునకు ఎరువు, కాపరికి బస. ఊరిచెంతనున్న ఆ పొలములలో ననేకము నేడు హద్దురాళ్లు పాతిన ఇండ్లస్థలములైనవి. మంద నిలుపుటకు కాపరి మఱికొంత దూరము పోవలసినదే.

నగరము పెరిగిన తీరు స్వల్పముగా జ్ఞాపకము చేసికొందము. పూర్వము జిల్లాకు ముఖ్యస్థానము ఎలగందల; 1905లో ఆ గౌరవము కరీంనగరమునకు వచ్చినది. దిగువ మానేరు జలాశయము 1974లో ఆరంభమై 1985లో పూర్తియైనది. 2005లో పురపాలక సంఘము నగరపాలక సంస్థయైనది. 2011 జనాభాలెక్కనాటికి నగరజనము రెండున్నర లక్షలు దాటినది. రేకుర్తి, సీతారాంపూరు, ఆరెపల్లి మొదలగు పల్లెలు నగరములో కలిసినవి. 2023లో మానేరుపై తీగలవంతెన ప్రారంభింపబడినది. ఇవన్నియు అభివృద్ధిచిహ్నములే. కాని వీనిని చెప్పు పుస్తకములలో నడుచువాని ప్రస్తావన కానరాదు. ఇందుచేతనే అతని పక్షమున మాటలాడుచున్నాను.

విద్యార్థులారా! మీరు ఒక శీతకాలపు ఉదయమున ఎలగందల కోటయొద్దనుండి బయలుదేరి నగరమువైపు నడిచితిరనుకొనుడు. దూరము సుమారు పది కిలోమీటర్లు. కోటను, 1754లో కట్టిన దోమీనారును మొదట చూతురు. ప్రక్కనే జలాశయపు నీరు. ఈ జిల్లాలో కొండలను కోసి గ్రానైటురాయిని దేశాంతరములకు పంపుచున్నారని పాఠములలో చదివితిరి. సగము కోసిన గుట్టను కన్నులార చూచి, రాళ్లబండి ప్రక్కనుండి పోవునపుడు దుమ్మును పీల్చినగాని ఆ చదువు పూర్తికాదు. పల్లెలో ఎవరైనను మిమ్ము నిలిపి, “ఏ ఊరు బిడ్డా? ఎక్కడికి పోతున్నరు?” అని యడుగుదురు. నగరములో ఆ ప్రశ్న వినబడదు. అచట కాలిబాట యున్నట్టుండి ఆగిపోవును. ఒకచోట దానిపై మోటారు సైకిళ్లు, ఒకచోట దుకాణపు సామగ్రి, ఒకచోట మూతలేని మురుగుకాలువ. మీరు రోడ్డుమీదికి దిగుదురు. బండివాడు మిమ్ము కసరును. పండ్లు అమ్ముకొను ముసలమ్మను ఇందుకు దూషింపరాదు. ఆమెకును మనకును చాలునంత చోటు ఉంచని యేర్పాటుదే దోషము.

నివాసప్రదేశములలో సైతము కాలిబాటపై నడుచుటకు 1.8 మీటర్ల వెడల్పైనను అడ్డులేక యుండవలెనని భారత రహదారుల సంస్థ నియమము. అడ్డులేని కాలిబాటలు పాదచారుల హక్కనియు, అది జీవించు హక్కులో భాగమనియు 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. కావున మనము కోరునది దయాభిక్ష కాదు. నడుచువారిలో బండి కొనలేనివారే యధికులు. బడిపిల్లలు, కూలికి పోవు స్త్రీలు, వృద్ధులు. వారి బాటను ఆక్రమించుట బలహీనుని కంచమునుండి ముద్ద తీసికొనుటయే.

తల్లిదండ్రులు కొన్ని యాక్షేపణలు తెలుపవచ్చును. ఎండదెబ్బ తగులునందురు, మార్గశిర పుష్యమాసములలో పోయినచో ఆ భయము లేదు. బండ్ల ప్రమాదమందురు, అది నిజమైన భయము. అందుచే కాలిబాట లేనిచోట ఎదురువచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన, ఒకరివెనుక నొకరుగా నడువవలెను. ముందును వెనుకను ఉపాధ్యాయులుండవలెను. చీకటి పడకమునుపే బస చేరవలెను. చదువు చెడునందురు, దీనిని మాత్ర మంగీకరింపజాలను. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్సీ ద్వీపమున బాలురను డేరాలలో నుంచి శిక్షణ మిచ్చెను. తరువాత మొదటి తరగతి స్కౌటు కాగోరువానికి, పోవురాకలు కలిసి పదునాలుగు మైళ్ల ప్రయాణము చేసి, చూచినదానిని వ్రాసి చూపవలెనని నియమ మేర్పడెను. నడచుటతోపాటు వ్రాయుటయు అందు భాగమే. అది చదువుగాక మఱేమి? బాలికలను ఇంట నుంచి బాలురనే పంపుటయు తగదు. పట్టణమునందలి లోపములు బాలికలకే ముందుగా తగులును. వారి మాట లేని లెక్క సగము లెక్క.

బస విషయమై రెండు మాటలు. దిగిన చోటు మనది కాదు. ఎవరిదో యడిగి అనుమతి పొందవలెను. ఎండుగడ్డి చెంత నిప్పు రాజేయరాదు. పొయ్యి మూడురాళ్లమీద పెట్టి, లేచిపోవునపుడు నీళ్లు పోసి మన్ను కప్పవలెను. తినినయాకులు, కాగితములు గోతిలో పూడ్చవలెను. ప్లాస్టికు సంచులను మోసికొనియే రావలెను. మఱునాడు ఆ త్రోవను పోవు కాపరికి మనము దిగిన గుర్తు కనబడకుండుటయే మన మర్యాద.

నడుచునప్పుడు ప్రతి జట్టు ఒక పుస్తకము దగ్గరనుంచుకొని ఈ సంగతులు వ్రాసికొనవలెను: నీడనిచ్చు చెట్లెన్ని? వెలయీయక నీరు దొరకిన చోట్లెన్ని? ముసలివారు కూర్చుండుటకు అరుగులున్నవా? బాలికలకు తగిన మరుగుదొడ్డి ఎంత దూరమునకొకటి యున్నది? వీధి దాటుటకు ఎంతసేపు నిలువవలసివచ్చినది? కాలిబాట యెక్కడెక్కడ తెగినది? తిరిగివచ్చిన పిదప లెక్కలన్నియు కూర్చి, పటము గీసి, నగరపాలక సంస్థవారికి వినయముతో సమర్పింపవలెను. పెద్దలు ఫిర్యాదు చేసిన ఫైలులో చేరవచ్చును. పిల్లలు లెక్కించి తెచ్చిన పటమును త్రోసివేయుట అంత సులభము కాదు. మఱుసటి యేడు మరల నడిచి, ఏమి మారినదో సరిచూడవలెను.

నగరము పెరుగుటను ఆపుమని నేను కోరుట లేదు. మెస్రం వంశస్థులు గోదావరికి పోవు దారియందు వలె, మన నగరపు దారియందును నీరు, నీడ, దింపుడుచోటు అను మూడును నిలుపుమని కోరుచున్నాను. వంతెనలకు చోటు చూపగల నగరము కొండగట్టునకు పోవు అలసిన బాటసారికి ఒక చెట్టును, ఒక కుళాయిని, ఒక అరుగును చూపలేదా? వచ్చు శీతకాలపు సెలవులలో మన పాఠశాల మొదటి జట్టు బయలుదేరుగాక. తల్లిదండ్రులు సద్దిమూట కట్టి పంపుదురుగాక.