రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ,

వానకు నల్లరేగడి నానితే గుంటూరు, ప్రకాశం పత్తి చేల దారుల్లో మామూలు కారు దిగబడిపోతుంది. అందుకే మిర్చి డబ్బు చేతికి రాగానే కొందరు రైతులు పాత పజేరో, ఫార్చ్యూనర్ లాంటి ఎస్‌యూవీల కోసం వెతుకుతారు.

మొదటిసారి కొనేవారికి తెలియనివి చాలా. ప్రతి ఫార్చ్యూనరూ ఫోర్‌వీల్ డ్రైవ్ కాదు, టూవీల్ డ్రైవ్ రకమూ ఉంది. పజేరో అమ్మకాలు మన దేశంలో ఆగిపోయాయి, విడిభాగాలకు తిప్పలు తప్పవు. వీటికన్నా పెద్ద ప్రమాదం కాగితాల్లో ఉంది. యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాలను దళారి సంతకాలు పెట్టించి, ఖాళీగానే చేతిలో పెడతాడు. ఆర్సీలో మాత్రం పాత యజమాని పేరే ఉంటుంది.

ఆ బండి ప్రమాదం చేస్తే, ఆర్సీలో పేరు ఎవరిదైతే పరిహారం భారమూ వారిదే. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ కారు చాలా చేతులు మారింది. ప్రమాద పరిహారం మాత్రం ఆర్సీలో ఉన్న మొదటి యజమానిపైనే పడింది. బండి చేతులు మారిన సంగతిని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం చెబుతున్నా, ఆ గడువు చెప్పే దళారి అరుదు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు అధికార పత్రం తప్పనిసరి. బండి డీలరు చేతికి వచ్చిన సంగతి 29సీ ఫారంలో నమోదు కావాలి. నిబంధన మంచిదే. రైతుకు అది కనబడాలి కదా!

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు రవాణా కార్యాలయాల గోడల మీద అధికార పత్రమున్న డీలర్ల జాబితాను తెలుగులో పెట్టించండి. పత్రం లేకుండా అమ్మేవారిని మిర్చి సీజన్‌కు ముందే తనిఖీ చేయించండి.

ఇట్లు,
పల్నాటి పౌరుడు