పుణ్యానికి పద్దు రాయని దేవుడు

మే 15 వస్తే ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహానికి దండలు పడతాయి, పాలాభిషేకాలు జరుగుతాయి. గోదావరి స్నానం చేయించేటప్పుడు ఆయన్ని భగీరథుడిగా తలచుకునే పురోహితులున్నారు. పుష్కరాల్లో ఆయన పేరున పిండం పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆయన గోదావరి మీద కట్టించిన ఆనకట్టకు ముందు ఈ డెల్టా ఎలా ఉండేదో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. కరువులు, తుపాన్లు, వలసలు కలిసి 1821లో 7 లక్షల 38 వేలున్న ఇక్కడి జనాభాను 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దించేశాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం ఈ నేలను అన్నపూర్ణను చేసింది. అంత పని చేసినవాడికి పుణ్యం రాకపోతే ఇంకెవరికొస్తుందని మన రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న.

అయితే ఆ పుణ్యాన్ని తన లెక్కలో వేసుకునే మనిషి కాడు కాటన్. ఆయన ఇవాంజెలికల్ క్రైస్తవుడు. ఎంత గొప్ప పని చేసినా ఆ పని వల్ల మనిషి దేవుడి ముందు నీతిమంతుడు కాడనీ, రక్షణ అనేది కృప వల్ల, విశ్వాసం ద్వారా ఉచితంగా వచ్చేదనీ ఆ వర్గంవారి మూల నమ్మకం. పుణ్యక్షేత్రాలు, పుష్కర స్నానాలు, దానధర్మాలతో నిండిన మన గోదావరి గట్టు మీద ఈ మాట ఎప్పుడూ కాస్త ఇబ్బందిగానే వినిపించింది. ఇంత ఇబ్బందిపెట్టే మాటను ఇక్కడి పేటలు ఎందుకు గుండెకు హత్తుకున్నాయన్నదే ఈ వారం నేను చెప్పదలచుకున్నది.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు వచ్చారు. నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ వాళ్ల వెనక లేదు. కొన్నాళ్లు బందరులో ఉండి, తర్వాత బీర్ నరసాపురంలో, బౌడెన్ పాలకొల్లులో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. ఆనకట్ట పని మొదలయ్యాక వేలాది కూలీలు ధవళేశ్వరం చేరితే బౌడెన్ కూడా అక్కడికి వెళ్లి వాళ్ల మధ్య సువార్త చెప్పారు. రాజమండ్రిలో 1845లో వాలెట్ మొదలుపెట్టిన జర్మన్ మిషన్ కొన్నేళ్లకే అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1869లో దాన్ని వేరే మిషనుకు అప్పగించేయాలనుకుంటే, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ తన 77వ ఏట మళ్లీ ఓడెక్కి వచ్చి నిలబెట్టారు. కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు వచ్చారు. బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న దగ్గర వీళ్లకు పడదు. కానీ క్రియల వల్ల కాదు, కృప వల్లే రక్షణ అన్న చోట అందరిదీ ఒకే మాట.

ఆ మాట విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. పాలేరు కొడుకు పాలేరుగానే పుడితే ఊరు వాడికి చెప్పిన కారణం ఏమిటి? పోయిన జన్మలో చేసుకున్నది ఈ జన్మలో అనుభవిస్తున్నావని. గుర్తులేని జన్మలో, చేశాడో లేదో తెలియని తప్పుకు, తరతరాల శిక్ష. ఆ బాకీ తీర్చాలన్నా అతనికి దారి లేదు. గుడి మెట్టు ఎక్కనివ్వరు, దానం చేయడానికి గింజలుండవు, మంత్రం వినకూడదు. పుణ్యం సంపాదించుకునే దారులన్నీ మూసేసి, పుణ్యం లేనివాడివని అనడం అది. అలాంటి మనిషికి ఎవరో వచ్చి, నువ్వేమీ తేనక్కర్లేదు, నీ బాకీ వేరొకరు తీర్చేశారు, నువ్వు నమ్మితే చాలు అంటే ఎలా ఉంటుంది? బడి కోసం వచ్చినవారున్నారు, మర్యాద కోసం వచ్చినవారున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ పేటలో మా పెద్దవాళ్ల సాక్ష్యాల్లో నేను విన్నది ముందు ఈ విడుదల గురించే.

దీనికి ఎదురయ్యే ప్రశ్న పాతదే. నమ్మితే చాలంటే మంచిగా బతకడం దేనికి? పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో రక్షణ క్రియల వల్ల కాదన్న వెంటనే, సత్క్రియల కోసమే దేవుడు మనల్ని సృష్టించాడంటాడు. క్రియలు లేని విశ్వాసం చచ్చిందేనని యాకోబు గట్టిగా చెప్పాడు. లూథరన్ల మూలపురుషుడు లూథర్‌కు యాకోబు పత్రిక మీద అంత గౌరవం లేకపోయింది, అక్కడ నాకు లూథర్‌తో పేచీ. రక్షణ కొనుక్కోవాల్సిన పని తప్పాక మనిషి చేతులు ఖాళీ అవుతాయి, ఆ చేతులు పక్కవాడికి పనికొస్తాయి. లూథరన్ మిషన్ డాక్టర్ లిడియా వోర్నర్ రాజమండ్రిలో ఆడవాళ్లకు వైద్యం చేసింది స్వర్గంలో చోటు కోసం కాదు. ఆ చోటు ముందే దొరికిందని నమ్మబట్టే అంత దూరం రాగలిగారు. కృప వల్ల, విశ్వాసం ద్వారా నీతిమంతులమన్న చోట తమ మధ్య మౌలికంగా తేడా లేదని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కతోలికులు కలిసి సంతకాలు కూడా చేశారు.

ఇంకో ప్రశ్న దీనికంటే కష్టమైనది, కోనసీమలో పుట్టి పెరిగిన ఎవరైనా అడిగేది. అలాగైతే డొక్కా సీతమ్మ గారి సంగతేమిటి? లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా కులం చూడకుండా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఆ తల్లికి రక్షణ లేదంటారా? ఒకసారి ఆమె అంతర్వేది దర్శనానికి పల్లకీలో బయలుదేరారట. దారిలో ఆకలితో ఉన్న పిల్లలతో ఒక పెళ్లి బృందం, గన్నవరం చేరితే సీతమ్మ గారింట భోజనం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి ఇంటికొచ్చి వాళ్లకు వండి పెట్టారట. ఈ కథ మా వైపు అందరూ చెప్పుకుంటారు. దర్శన పుణ్యాన్ని వదులుకుని పిల్లల ఆకలి తీర్చారామె. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు రోజున కుడివైపు నిలబడినవాళ్లకు తాము ఎవరికి అన్నం పెట్టామో కూడా గుర్తుండదు. ప్రభువా, నిన్ను ఆకలితో ఎప్పుడు చూశామని ఆశ్చర్యపోతారు. వాళ్లు లెక్కలు రాసుకోలేదు కనుకే గుర్తులేదు. కాబట్టి సీతమ్మ గారి విషయంలో తీర్పు చెప్పే పెద్దరికం నాకు గానీ, ఏ పాస్టరుకు గానీ లేదు. కృప బోధ నా గొప్పను నేను తగ్గించుకోవడానికి ఇచ్చినది. దాంతో ఎదుటివాళ్లను కొలిచి బయట నిలబెట్టడం మొదలుపెట్టామంటే అది మన చేతిలో పాడైపోయినట్టే.

నిజానికి అది ఇప్పుడు పాడవుతున్నది మన సంఘాల్లోనే. కోత పండుగ తీసుకోండి. చర్చి ముందు బల్ల మీద పాదుకు కాసిన తొలి సొరకాయ, గుమ్మడికాయ, కొబ్బరి బోండాల గెల, కాళ్లు కట్టిన నాటుకోడి. ఆరాధన అయ్యాక వేలం. సొరకాయ ధర ఒక్కోసారి బజారు ధరకు పదింతలవుతుంది. పిల్లలు కేకలు వేస్తారు, కొన్నవాడే దాన్ని మళ్లీ పేద ఇంటికి ఇచ్చేస్తాడు. ఇంత ఆనందంగా ఇవ్వడం నేను మరెక్కడా చూడలేదు. వారమంతా కుండలో బియ్యం పోసే ముందు ఒక్కో పిడికెడు తీసి దాచి, ఆదివారం చర్చికి తెచ్చే ఆడవాళ్లున్నారు. ఇవి మొక్కుబడులు కావు, కృతజ్ఞతలు. అలాంటి చోట ఇప్పుడు ఇచ్చినవాళ్ల పేరు, ఎంత ఇచ్చారో ఆ అంకె మైకులో చదువుతున్నారు. పెద్ద అంకెకు పెద్ద ప్రార్థన. దశమ భాగం ఇవ్వకపోతే దీవెన ఆగిపోతుందని, విత్తనంగా ఇంత వేస్తే నూరంతలు తిరిగొస్తుందని టీవీల్లో చెబుతున్నారు. 1517లో లూథర్ 95 వాదాంశాలు రాసింది పాప పరిహార పత్రాల అమ్మకం మీదే కదా. డబ్బుకు దీవెన అమ్మడమంటే ఆ అమ్మకమే.

నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టేది మంచం పట్టినవాళ్లకు చెప్పే మాట. ఉపవాస ప్రార్థనలు చేసి, నూనె రాసి, జబ్బు తగ్గకపోతే, నీ విశ్వాసం చాలలేదమ్మా అంటారు. క్రియలక్కర్లేదని చెప్పిన బోధలో విశ్వాసాన్నే అన్నిటికంటే కష్టమైన క్రియగా మార్చేశారు. పోయిన జన్మలో చేసుకున్నావన్న మాటకూ దీనికీ తేడా ఏమిటి? రెండూ నొప్పితో ఉన్న మనిషి మీదే నేరం మోపుతాయి. మన వైష్ణవ పెద్దలు ఇదే చిక్కు మీద వందల ఏళ్లు వాదించుకున్నారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరుచుకోవాలి, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. మర్కట న్యాయమా, మార్జాల న్యాయమా అన్నది వాళ్ల చర్చ. పౌలు, లూథర్ మార్జాల న్యాయం వైపే ఉంటారని నా నమ్మకం. పట్టుకున్నది దేవుడైనప్పుడు, కీమో మందులకు నీరసించి వాక్యం చదవలేని మనిషి పట్టు ఎంత బిగువుగా ఉందో పరీక్షించడం దుర్మార్గం.

అక్టోబరు చివరి ఆదివారం లూథరన్ చర్చిల్లో సంస్కరణ దినం ఆచరిస్తారు. ఈ ఏడాది ఆ రోజున ప్రసంగంలో లూథర్ చరిత్ర కొంచెం తగ్గించినా నష్టం లేదు. కానుకల అంకెలు ఇకపై మైకులో చదవబోమని సంఘ పెద్దలు ఆ రోజే తీర్మానించాలి. రసీదు ఇచ్చి పద్దు పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. రోగుల ఇళ్లకు వెళ్లే అయ్యగార్లు, బైబిలు స్త్రీలు విశ్వాసం చాలలేదన్న మాట ఆ గుమ్మాల్లో అనడం మానాలి. వాళ్ల పక్కన కాసేపు కూర్చుని, మందులకు డబ్బులున్నాయో లేవో కనుక్కుని రావాలి.