మోటారు బీమా: పొదుపునకు హద్దు

కారుగలవారు బీమా పత్రమును చదువకయే యేటేట సొమ్ము చెల్లించుట మనదేశమున పరిపాటియైనది. ఇది విడువదగిన యలవాటు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము విధించునది పరులకు గలుగు హానికి బీమాను మాత్రమే. దాని రుసుమును ప్రభుత్వమే నిర్ణయించును గనుక అందు బేరమునకు తావులేదు. స్వంత కారు నష్టమునకు బీమా చేయుట, అప్పిచ్చినవారి షరతు లేనిచో, యజమాని యిష్టము. నాలుగేండ్లు దాటిన కారు విలువను బీమావారి పట్టికయే సగమునకు దించుచున్నది. అట్టి బండికి క్రొత్తబండికివలె అదనపు రక్షణల నన్నిటిని కొననేల? అయిదేండ్లు వరుసగా పరిహారము కోరనివారికి స్వంత నష్టపు రుసుములో నూటికి 50 వంతులు తగ్గును. ఈ హక్కు యజమానిదే గాని కారుది కాదు. కారు మార్చినను నిలుచును. గడువు తీరిన 90 దినములలో బీమాను పునరుద్ధరింపనిచో నశించును. చిన్న గీతలకెల్ల పరిహారము కోరుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

అయితే పొదుపు పేర చట్టము విధించిన బీమానే మానుట మితవ్యయము కాదు, అన్యాయము. బాట ప్రక్క నడచు కూలివాడు మన చక్రముల క్రింద పడినపుడు వాని ఆలుబిడ్డలకు ఆధారము ఆ పత్రమే. స్వంత కారునకు రక్షణ తగ్గించుకొనువారు తగ్గించుకొందురు గాక. పరుల ప్రాణమునకు గల పూచీని మాత్రము ఒక్క దినమైనను తప్పనీయరాదు.